చాక్లెట్ల సంచి ఇంట్లో పెట్టి వెళ్లండి

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేదాన్ని. ఇప్పుడు కొన్నాళ్లు మానేసి మహబూబాబాద్‌లో అత్తగారింట్లో ఉంటున్నాను. దగ్గర్లోని ఒక తండా ప్రాథమిక పాఠశాలకు మంగళ, శుక్రవారాల్లో వెళ్లి ఇంగ్లీషు, లెక్కలు చెప్పడానికి హెడ్మాస్టరు గారు, మండల విద్యాధికారి (ఎంఈఓ) గారు ఒప్పుకున్నారు. డిసెంబరు దాకా వెళ్లగలను. ఐదు తరగతులు కలిపి 34 మంది పిల్లలు, హెడ్మాస్టరుతో కలిపి ఇద్దరే టీచర్లు. నేను చదివిందంతా ప్రైవేటు స్కూళ్లలో. పాఠం చెప్పిన అనుభవం లేదు. ఫ్లాష్‌కార్డులు, చార్టులు, చాక్లెట్లు కొని పెట్టుకున్నాను. పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారట, నాకు ఒక్క ముక్క రాదు. నా మాట వింటారా? వచ్చే మంగళవారమే మొదటి రోజు. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరం చదువుతూ చాక్లెట్ల దగ్గర ఆగిపోయాను. ముందు ఆ సంచి ఇంట్లో పెట్టేయండి. మొదటి రోజు చాక్లెట్ ఇచ్చిన మనిషి రెండోసారి గేటు తీయగానే పిల్లల చూపు ముఖం మీద కాకుండా చేతిలోని సంచి మీద పడుతుంది. అంతకంటే పెద్ద ఇబ్బంది ఇంకొకటి ఉంది. ఆ బడిలో రోజూ ఉండే టీచరు 34 మందికి అలా పంచలేదు. మీరు పంచిన ఐదు నిమిషాల్లో ఆమె ఏమీ పెట్టని టీచరు అయిపోతుంది. మీరు డిసెంబరులో వెళ్లిపోతారు, ఆమె ఆ పిల్లలతోనే ఉంటుంది.

నేను 34 ఏళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. అందులో పదకొండేళ్లు ఏకోపాధ్యాయ పాఠశాలలోనే. నా దగ్గరికి కూడా మంచి మనసుతో చాలామంది వచ్చారు. కొందరు వెళ్లిపోయాక తరగతి నా చేతికి రావడానికి వారం పట్టేది. కొందరు వెళ్లాక మాత్రం వాళ్లు నేర్పిన ఆటను పిల్లలు ఏడాది పొడుగునా ఆడుకునేవాళ్లు, నాకూ పని తేలికయ్యేది. మొదటి రకం వాళ్లు తమ రోజు బాగా గడవాలని వచ్చారు. రెండో రకం వాళ్లు బడి రోజు బాగా గడవాలని వచ్చారు. మొదటి రోజు మీరు ఏం చేయబోయినా, నేను వెళ్లిపోయాక ఇది ఈ బడికి పనికొస్తుందా, భారమవుతుందా అని ఒక్కసారి ఆలోచించుకోండి. కింద చెప్పేదంతా ఆ ప్రశ్న చుట్టూ తిరిగేదే.

మంగళవారం దాకా ఆగకుండా వీలైతే సోమవారం సాయంత్రం బడి వదిలే వేళకు ఒకసారి వెళ్లి రండి. ఇద్దరు టీచర్లతో అరగంట మాట్లాడండి. 60 మంది లోపు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు టీచర్లుండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతోంది. ఆ లెక్కన మీ బడిలో లోటు లేనట్టే. కానీ తరగతులు ఐదు. సాధారణంగా ఒకరు ఒకటి, రెండు తరగతులను, ఇంకొకరు మూడు, నాలుగు, ఐదు తరగతులను కలిపి కూర్చోబెట్టుకుంటారు. ఒకే గదిలో ఒక వరస గుణింతాలు రాస్తుంటే పక్క వరస భాగహారాలు చేస్తుంటుంది. దానికి తోడు హాజరు, మధ్యాహ్న భోజనం లెక్కలు, ఫోనులో పంపాల్సిన వివరాలు. మీరు వెళ్లినప్పుడు ఆ టీచరు ఫోను చూస్తూ కనబడితే పాఠం ఎగ్గొడుతోందని అనుకోవద్దు. ఆ లెక్క పంపకపోతే ఆమెకే ఫోనొస్తుంది.

వాళ్లను ముఖ్యంగా రెండు విషయాలు అడగండి. మొదటిది, నేను ఏ పిల్లలతో కూర్చుంటే మీకు మేలు? అన్ని తరగతులూ మీరు చూడలేరు, చూడకూడదు కూడా. రెండోది, తొలిమెట్టులో ఏ పిల్లలు ఎక్కడున్నారు? 2022 ఆగస్టు నుంచి తెలంగాణలో ఒకటి నుంచి ఐదు తరగతులకు చదవడం, రాయడం, లెక్కలు పట్టుబడేలా ఈ కార్యక్రమం నడుస్తోంది. ఎవరికి అక్షరాలు వచ్చు, ఎవరికి పదాలు వచ్చు, ఎవరు వాక్యం చదవగలరు అన్నది టీచరు దగ్గర రాసి ఉంటుంది. మీరు మళ్లీ పరీక్ష పెట్టి కనుక్కోవాల్సిన పని లేదు. మొదటి రోజే కొత్త మనిషి ముందు నిలబడి చదవలేక తల దించుకున్న ఐదో తరగతి పిల్ల, ఆ తర్వాత మీరు కూర్చున్న వైపే రాదు.

ఇంకో మాట కూడా అడిగి ఒప్పించుకోండి. "మొదటి రోజు మీరూ గదిలో ఉండండి మేడం, పిల్లల సంగతి నాకు తెలియదు" అని. మనిషి దొరికిందని మిమ్మల్ని 34 మందితో వదిలేసి మిగిలిపోయిన రికార్డుల పని చూసుకోవాలని వాళ్లకు అనిపించడం సహజం. ఒక్క రోజు ఉండమంటే ఉంటారు.

ఇక మంగళవారం. మొదటి గంటకు ముందే వెళ్లండి. ప్రార్థన దగ్గర హెడ్మాస్టరు పక్కన నిలబెట్టి పరిచయం చేస్తామంటారు. పరిచయం అయ్యాక పిల్లల వరస వెనక్కి వెళ్లి నిలబడండి. అక్కడి నుంచి బడి వేరేగా కనిపిస్తుంది. చెల్లెల్ని చెయ్యి పట్టుకుని తెచ్చింది ఎవరో, ఎవరి కాళ్లకు చెప్పుల్లేవో, ఎవరు ఎవరి పక్కన నిలబడటం లేదో తెలుస్తుంది. ఒక పిల్లో పిల్లాడో ముందుకొచ్చి ప్రతిజ్ఞ చెప్పిస్తారు. మీరు కూడా చెయ్యి చాచి గొంతు కలపండి. దాన్ని 1962లో తెలుగులో రాసింది మన నల్లగొండ జిల్లావాడు, పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు. అప్పట్లో ఆయన విశాఖపట్నంలో ట్రెజరీ అధికారి. దేశమంతా పిల్లలు తమ తమ భాషల్లో చెబుతున్న ఆ మాటలు మొదట మన భాషలో పుట్టాయని మా పిల్లలకు ఏటా చెప్పేదాన్ని. ఆ రోజు వాళ్ల గొంతు కొంచెం పెద్దగా వినిపించేది.

ఆ తర్వాత పేర్లు. మొదటి రోజు మీరు చేయాల్సిన అసలు పని ఇదే. దీన్ని నేను ఎలా నేర్చుకున్నానో చెబుతాను. ఉద్యోగంలో చేరిన ఏడాది, ఒకటో తరగతి హాజరు పిలుస్తుంటే ఒక పేరుకు ఎవరూ పలకలేదు. ఆబ్సెంట్ వేశాను. మర్నాడూ అంతే. అలా నాలుగు రోజులయ్యాక పిల్లాడు బడికి రావడం లేదని ఇంటికి కబురు పంపాను. వాళ్ల నాయనమ్మ పనిలోంచి పరుగున వచ్చి, నా ఎదురుగా మొదటి వరసలో కూర్చున్న పిల్లాడి భుజం మీద చెయ్యి వేసి చూపించింది. వాడు రోజూ వస్తున్నాడు. ఇంట్లో అందరూ వాణ్ని చిన్నా అంటారు. రిజిస్టరులో ఉన్న పేరు తనదేనని వాడికి తెలియదు. కళ్ల ముందు కూర్చున్న పిల్లాడికి నాలుగు రోజులు లేడని రాశాను. ఇన్నేళ్లయినా అది తలుచుకుంటే నాకు కష్టంగానే ఉంటుంది.

అందుకని రిజిస్టరు చూసి పిలవకండి. ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లి కూర్చుని, "ఇంట్లో నిన్నేమని పిలుస్తారు?" అని అడగండి. తండా బడిలో ఇది మరీ అవసరం. ఒకే గదిలో బానోత్ పిల్లలు ఐదుగురు, గుగులోత్ పిల్లలు నలుగురు ఉండొచ్చు. ఇంటిపేరుతో మీకు పని జరగదు. ఒక చిన్న నోటుపుస్తకంలో ఇంటి పేరు కాదు, ఇంట్లో పిలిచే పేరు, పక్కన గుర్తుపట్టడానికి ఒక మాట రాసుకోండి: ముందు పన్ను ఊడింది, ఎర్ర రిబ్బన్లు, చెల్లెలు రెండో తరగతి. శుక్రవారం మీరు వెళ్లి ఆ పేరుతో పిలిస్తే పిల్ల ముఖం ఎలా ఉంటుందో మీరే చూస్తారు. 34 మందీ ఒక్క రోజులో రారు. పన్నెండు మంది వచ్చినా ఆ రోజు బాగా జరిగినట్టే.

పేరు అడిగిన చోట "మీ నాన్న ఏం చేస్తారు?" అని మాత్రం అడగకండి. మనకు నోటికి ముందొచ్చే ప్రశ్న అదే. కానీ తండ్రి లేని పిల్లలుంటారు. అమ్మానాన్న హైదరాబాద్‌లో బిల్డింగు పనికి పోతే తాత దగ్గర పెరిగే పిల్లలుంటారు. అలాంటి పిల్ల నలుగురి ముందు మౌనంగా నిలబడితే ఆ మౌనాన్ని మీరు వెనక్కి తీసుకోలేరు. "పొద్దున ఎవరు జడ వేశారు?" అనండి. ఉన్నవాళ్ల గురించే చెబుతారు.

ఇప్పుడు మిమ్మల్ని ఎక్కువ భయపెడుతున్న లంబాడీ సంగతి. నన్నడిగితే అది రాకపోవడమే మొదటి రోజు మీ చేతిలో ఉన్న మంచి అవకాశం. ఆ పిల్లల పరిస్థితి చూడండి. ఇంట్లో ఒక భాష, ఊళ్లో తెలుగు. 2022-23 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చింది. పుస్తకం తెరిస్తే ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదురు పేజీలో తెలుగు. ఆరేళ్ల పిల్లకు ఆ రెండు పేజీల్లో ఏదీ తన ఇంటి మాట కాదు. తెలుగు అర్థం చేసుకోవడానికే కష్టపడుతున్న పిల్ల మౌనాన్ని చదువు రాకపోవడం అనుకుని వదిలేసిన బడులు చాలా ఉన్నాయి. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను.

మీరేం చేయండంటే, బోర్డు మీద నిలువుగా రెండు గీతలు గీసి మూడు గళ్లు చేయండి. గదిలో ఉన్నదేదో చూపించండి, నీళ్లో, రాయో, చెట్టో. "మీ ఇంట్లో దీన్నేమంటారు?" అనండి. వాళ్లు చెప్పింది తెలుగు లిపిలో మొదటి గడిలో రాయండి. లంబాడీకి సొంత లిపి లేదు, మన దగ్గర తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటారు. రెండో గడిలో తెలుగు, మూడో గడిలో ఇంగ్లీషు. అమ్మను యాడీ అంటారని, రొట్టెను బాటి అంటారని చెబుతారు. మీరు పలికితే తప్పకుండా తప్పు పోతుంది, గదంతా నవ్వుతుంది. నవ్వనివ్వండి. మళ్లీ చెప్పించుకుని సరిగ్గా పలికేదాకా ప్రయత్నించండి. టీచరు కంటే తమకు ఎక్కువ తెలిసిన విషయం ఒకటుందని ఆ పిల్లలకు బడిలో చాలా అరుదుగా తెలుస్తుంది. తర్వాత ఇంగ్లీషు మాట పలకడానికి వాళ్ల వంతు వచ్చినప్పుడు తప్పు పోతుందన్న భయం సగం తగ్గిపోతుంది. పది మాటలు చాలు, మొదటి రోజుకు. ఆ పది మాటలూ ఒక చార్టు మీద రాసి గోడకు అంటించండి. మీరు కొన్న చార్టులు అందుకు పనికొస్తాయి.

ఇది నా సొంత కనిపెట్టుడు కాదు. గిడుగు వెంకట రామమూర్తి గారి పుట్టినరోజు ఆగస్టు 29ని మనం తెలుగు భాషా దినోత్సవంగా చేసుకుంటాం. ఆయన పర్లాకిమిడిలో బడిపంతులు. కొండల్లోని సవర గిరిజనుల పిల్లలకు చదువు చెప్పాలనుకుని ముందు తాను సవర భాష నేర్చుకున్నారు. ఆ భాషలోనే వాచకాలు తయారుచేశారు, సొంత డబ్బుతో బడులు నడిపించారు. వాడుక తెలుగు కోసం ఆయన చేసిన పోరాటం అందరికీ గుర్తుంది. ఆ పంతులు ముందుగా సవరల భాషకు తానే విద్యార్థి అయిన సంగతి మాత్రం అంతగా తలుచుకోం.

ఇంగ్లీషు గురించి ఒక హెచ్చరిక. మీరు గదిలో అడుగుపెట్టగానే అందరూ లేచి రాగం తీస్తూ గుడ్ మార్నింగ్ మేడం అంటారు. "అర్థమైందా?" అంటే "అయింది మేడం" అని పైకప్పు ఎగిరేలా అంటారు. ఆ గుంపు గొంతులో ఎవరికి అర్థమైందో, ఎవరికి కాలేదో దాగిపోతుంది. ఆ ప్రశ్నే మానేయండి. చెప్పింది చేసి చూపించే ఆట పెట్టండి. ఓపెన్ ద డోర్, గివ్ మీ ద చాక్, టచ్ ద వాల్. ముందు మీరు చేసి చూపించండి, తర్వాత పిల్లలచేత చేయించండి, తర్వాత పిల్లలే మీకు చెప్పాలి, మీరు చేయాలి. మీరు కావాలని తలుపు బదులు కిటికీ తెరిస్తే పట్టుకుంటారు చూడండి, అప్పుడు తెలుస్తుంది ఎవరికి అర్థమైందో.

మాట వింటారా అన్నారు. మొదటి అరగంట కొత్తవల్ల మీరు కంగారుపడేంత నిశ్శబ్దంగా ఉంటారు. ఇంటర్వెల్ అయ్యేసరికి మీ గొంతు మీకే వినపడదు. మీరు అరవకండి, వాళ్లకంటే పెద్దగా అరవలేరు. అలాంటప్పుడు నేను ఏడు చేపల కథ ఎత్తుకునేదాన్ని, అదీ చిన్న గొంతుతో. చేపా చేపా ఎందుకు ఎండలేదు అంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది, గడ్డిమోపూ ఎందుకు అడ్డమొచ్చావు అంటే ఆవు మేయలేదు. అదే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి తెలుగు అంతగా రాని పిల్ల కూడా మూడో విడతకు అందుకుంటుంది. చీమ దాకా వచ్చాక ఒక్కొక్కరిని చేపను చేసి, ఆవును చేసి, అవ్వను చేసి ఆడించండి. లెక్కలూ అందులోనే ఉన్నాయి. ఏడు చేపల్లో ఒకటి ఎండలేదు, ఎండినవి ఎన్ని? చింతగింజలు పెట్టి చూపించమనండి. ఒకటో తరగతి నుంచి ఐదో తరగతి దాకా అందరినీ ఒకేచోట కూర్చోబెట్టగలిగే పాఠం నాకు దానికి మించింది దొరకలేదు. ఫ్లాష్‌కార్డులు రెండో వారం తీయొచ్చు.

ఎవరో ఒక పిల్లాడు తప్పకుండా బెత్తమో, చెట్టుకొమ్మో తెచ్చి మీ చేతికిస్తాడు. "మేడం, వీడు గిచ్చిండు, కొట్టండి" అంటాడు. టీచరంటే కొట్టే మనిషి అని వాళ్లకు ఎక్కడో పడిపోయింది. పిల్లల్ని కొట్టడమే కాదు, మాటలతో హింసించడం కూడా విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం. ఆ సంగతి పిల్లాడికి ఉపన్యాసంగా చెప్పొద్దు. పుల్ల తీసుకుని బోర్డు మీది మాటలు చూపించడానికి వాడుకోండి. ఆ తర్వాత గిచ్చినవాణ్ని, గిచ్చించుకున్నవాణ్ని మీకు ఇరువైపులా కూర్చోబెట్టుకోండి. గదిలో టీచరు బల్ల మీద బెత్తం కనబడినా మొదటి రోజే ఆమెను అడగకండి. కొట్టకుండా గది నడవడం ఆమె రెండు మూడు వారాలు చూశాక, అప్పుడు మాట్లాడితే ఆ మాట చెల్లుతుంది. మీ కళ్ల ముందే పిల్లను కొడితే మాత్రం ఊరుకోవద్దు. పిల్లను మీ దగ్గరికి పిలుచుకోండి, సాయంత్రం హెడ్మాస్టరు గారితో విడిగా చెప్పండి.

"మేడం, ఒకటికి పోతా" అంటే మూత్రానికి అని అర్థం. అడిగిన వెంటనే పంపండి. ఒకరిని పంపితే ఆరుగురు లేస్తారు, అయినా పంపండి. కొత్త మనిషిని అడగలేక కూర్చున్నచోటే తడిపేసుకునే ఒకటో తరగతి పిల్లలుంటారు.

మధ్యాహ్నం మీ డబ్బా మీరు తీసుకెళ్లి, పిల్లల వరసలోనే కూర్చుని తినండి. ప్రాథమిక పాఠశాలలో బియ్యం పిల్లకు రోజుకు 100 గ్రాముల చొప్పున, ఆ రోజు హాజరు లెక్కన తీస్తారు. మర్యాదకు మీకూ ఒక పళ్లెం పెడతామంటారు. వండే అక్కలు అంత ప్రేమగా అడిగితే ఒక ముద్ద రుచి చూడండి, గుడ్డు మాత్రం తీసుకోకండి. ఆ గుడ్డు కోసమే ఆ రోజు తప్పకుండా వచ్చే పిల్లలు ఉంటారు. భోజనమయ్యాక చిన్నపిల్లలు నిద్రపోతారు. లేపకండి.

ఫొటోల గురించి కూడా చెప్పాలి. మొదటి రోజు ఫోను బ్యాగులోంచి తీయొద్దు. పిల్లల ముఖాలు మీ స్టేటస్‌లో పెట్టే హక్కు మనకెవరూ ఇవ్వలేదు. తెలిసినవాళ్లు మెచ్చుకుంటారు సరే, ఆ తండాలో ఒక తల్లి చూస్తే చిరిగిన గౌనులో తన బిడ్డ కనిపిస్తుంది. బట్టలంటారా, నేల మీద కూర్చుని లేవడానికి వీలైన నూలు బట్టలు ఏవైనా సరే.

సాయంత్రం మీరు అలిసిపోతారు. గొంతు పోతుంది. అనుకున్నదాంట్లో సగం కూడా కాలేదని అనిపిస్తుంది. బయల్దేరే ముందు టీచరు దగ్గర ఐదు నిమిషాలు కూర్చుని, ఈ రోజు ఫలానా పిల్ల బాగా పలికింది, ఫలానా పిల్లాడికి ఏడు దాకా లెక్కించడం వచ్చింది అని చెప్పండి. వీలైతే వాటిని ఆమె నోటితోనే పిల్లలకు చెప్పించండి. రేపు, ఎల్లుండి ఆ పిల్లల ముందు నిలబడేది ఆమే.

పిల్లలు గేటు దాకా వచ్చి "మేడం, రేపు వస్తరా?" అని అడుగుతారు. వస్తానని తల ఊపేయకండి. బోర్డు మూలన శుక్రవారం అని రాసి, మధ్యలో ఎన్ని రాత్రులున్నాయో వాళ్లచేత వేళ్ల మీద లెక్కపెట్టించి రండి. ఆ రోజు బస్సు తప్పినా, ఒంట్లో బాగాలేకపోయినా, పొద్దున ప్రార్థన గంటకు ముందే హెడ్మాస్టరు గారికి ఫోను చేసి ఆ సంగతి పిల్లలకు చెప్పమనండి.